చుక్కల వెనుక దాగిన మాటలు

కావ్యం చేతబట్టిన పాఠకుడు పద్యం మొదట "ఉ.", "చ.", "కం.", "తే.గీ." అన్న గుర్తులు చూచి తడబడడు. ఉత్పలమాల, చంపకమాల, కందము, తేటగీతి అని మనసులోనే పూరించుకొంటాడు. వెనుకనున్న పూర్తి మాట తెలిసినంత కాలమే పొడి అక్షరానికి ప్రాణం. అది మరుగైతే మిగిలేది చుక్క మాత్రమే. ఆంగ్ల రచనలలో కనబడే లాటిన్ పొడి అక్షరాలకు పట్టిన గతి ఇదే.

వీటి చరిత్ర పురాతనమైనది. రోమను మహావక్త సిసిరోకు టైరో అనే లేఖకుడుండేవాడు. అతడు బానిస, క్రీ.పూ. 53లో విముక్తుడైనాడు. వేగంగా వ్రాసికొనుటకు అతడు కల్పించెనని చెప్పే సంకేతలిపి అతని పేరుతోనే మధ్యయుగాల దాకా నిలిచింది. "మరియు" అని అర్థమిచ్చే "ఎట్" అన్న మాటకు అందులో 7 అంకెను పోలిన గుర్తు ఉంది. ఐర్లండులో నేటికీ కొన్ని ఫలకాలపై ఆ గుర్తును చూడవచ్చు. తరువాతి కాలంలో మఠాలలోని లేఖకులు చర్మపత్రాలపై గ్రంథాలకు ప్రతులు వ్రాసేవారు. చర్మం ఖరీదైనది, చేతికి శ్రమ అధికం. కనుక మాటలను కుదించారు. "అనగా" అన్న అర్థంలో వాడే "విజ్." చివరనున్న జకారం నిజానికి అక్షరమే కాదు. "విదేలికెత్" అన్న మాటలో కొంత భాగాన్ని కుదించి లేఖకులు పెట్టిన గుర్తును తరువాతివారు అక్షరంగా చదివారు.

ఇక వాడుక విషయం. "ఐ.ఇ." అనగా "ఇద్ ఎస్ట్", "అది ఏమనగా" అని అర్థం. "ఇ.జి." అనగా "ఎగ్జెంప్లీ గ్రాతియా", "ఉదాహరణకు" అని అర్థం. మొదటిది తలుపు మూస్తుంది, రెండవది తెరచి ఉంచుతుంది. ఇది పండితుల పట్టుదల మాత్రమే కాదు. కొన్నేళ్ళ క్రిందట ఒక కార్యాలయపు ప్రకటనలో "నివాస ధ్రువీకరణ, ఐ.ఇ. రేషను కార్డు" అని ఉండగా చూచాను. వ్రాసినవారి ఉద్దేశం "ఉదాహరణకు" అనియే. గుమాస్తా మాత్రం అక్షరాన్ని పట్టుకొని, ఓటరు కార్డు తెచ్చిన ఒక వృద్ధుణ్ణి వెనుకకు పంపివేశాడు. రెండక్షరాల తేడాకు ఆ పెద్దాయన మళ్ళీ బస్సెక్కవలసి వచ్చింది.

"ఎట్ సెటెరా" అనగా "మరియు తక్కినవి". "మరియు" అందులోనే ఉన్నది గనుక దానికి ముందు ఆంగ్లంలో "అండ్" చేర్చుట పునరుక్తి. అరబ్బీ నుండి మనకు వచ్చిన "వగైరా"లోనూ మొదటి "వ"కు "మరియు" అనియే అర్థం! "ఎట్ ఆల్." అనగా "మరియు ఇతరులు", "ఎట్" పూర్తి మాట గనుక దాని తరువాత చుక్క రాదు, "ఆల్" కుదించినది గనుక దానికి చుక్క ఉండాలి.

2016లో బ్రిటిషు ప్రభుత్వం తన వెబ్‌సైటు రచనలలో ఈ పొడి అక్షరాలను క్రమంగా మానదలచినట్లు ప్రకటించింది. కొందరు పాఠకులకు ఇవి అర్థం కావడం లేదనీ, అంధులకు చదివి వినిపించే యంత్రాలు వీటిని తప్పుగా పలుకుతున్నాయనీ కారణం చెప్పింది. అది సబబే. లేఖకుని శ్రమ తగ్గించుటకు పుట్టిన గుర్తు పాఠకునికి శ్రమ కలిగించరాదు. పూర్తి మాటను మనసులో పలికి చూచి, వాక్యంలో అది అతికినప్పుడే చుక్క పెడదాం. అతకనప్పుడు "అనగా", "ఉదాహరణకు" అని వ్రాయడానికి మన తెలుగులో చోటు కరవా?