చలిమాసాల వినోదం: ఒర్లియంపేట చెప్పే పాఠం

శీతకాలమనగానే మన మనస్సులో మెదిలేది పొగమంచు, చలిమంటలు, పండుగ సందడి. కాని కోరమండల తీరాన వెలసిన పుదుచ్చేరిలో ఈ ఋతువు మొదట వర్షరూపంలోనే ప్రవేశిస్తుంది. ఏడాది పొడవునా కురిసే వానలో అధికభాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనాల వల్లనే లభిస్తుంది. ఆ వాన వెలిసిన తరువాతనే మంచు, లేత ఎండ, పండుగ. అందువల్ల ఇక్కడి ప్రజలు చలిమాసాల వినోదాన్ని ఎప్పుడూ రెండు భాగాలుగానే ఏర్పరచుకున్నారు. వాన కురిసే రోజులకు ఇంటిలోపలి ఆట, తెరపి ఇచ్చిన రోజులకు వాకిటి ఆట. ఫ్రెంచివారి కాలంనాటి పాత పట్టణాన్ని చుట్టిన బులెవార్డులకు వెలుపల, పడమటి దిక్కున, 1826లో నెలకొల్పిన వృక్షోద్యానానికి సమీపాన ఉన్న ఒర్లియంపేట వీధుల నుంచి చూస్తే ఈ ఏర్పాటులోని వివేకం స్పష్టంగా తెలుస్తుంది.

వినోదం శాంతికాలపు సంపద అని ఈ పట్టణ చరిత్రే చెబుతుంది. 1760లో ఆంగ్లసేనలు పుదుచ్చేరిని ముట్టడించాయి. 1761 జనవరి 1న విరుచుకుపడిన తుఫాను తీరాన నిలిచిన ఆంగ్లనౌకలలో కొన్నింటిని ముంచివేసినా ముట్టడి సడలలేదు. ఆకలితో అలమటించిన పట్టణం జనవరి మధ్యలో లొంగిపోయింది. 1736 నుంచి దినచర్య వ్రాస్తూ వచ్చిన దుబాసీ ఆనందరంగపిళ్ళ ఆ నెలలోనే కన్నుమూశారు. తెలుగు కవులను ఆదరించి, కస్తూరి రంగకవి రచించిన ఛందోగ్రంథానికి కృతిభర్త అయినవారు ఆయనే. ఆ శీతకాలంలో ఈ నేలపై ముగ్గుకు, ఆటకు తావు లేకపోయింది. ఆంగ్లేయులు నేలమట్టం చేసిన పట్టణం 1765లో ఫ్రెంచివారికి తిరిగి దక్కిన తరువాతనే మళ్ళీ రూపుదిద్దుకుంది.

ఇక లోపలి ఆటల సంగతి. వానపట్టిన మధ్యాహ్నాలలో మన ఇళ్ళలో వినిపించే చప్పుడు చింతగింజలది, గవ్వలది. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలలో పద్నాలుగు గుంటలున్న పీటపై సాగే వామనగుంటలను తమిళులు పల్లాంగుళి అంటారు. ఇరవై అయిదు గడులు గీసి నాలుగు గవ్వలతో ఆడే అష్టాచెమ్మాకు వారి దాయం దగ్గరి చుట్టం. మూడు పులులు పదిహేను మేకలను వేటాడే పులిజూదం రెండు భాషల ఇళ్ళలోనూ ఉంది. ఈ ఆటలకు ఖర్చు లేదు. సుద్దముక్క, గింజలు, గవ్వలు ఉంటే చాలు. మనవరాలు, అమ్మమ్మ సమఉజ్జీలుగా కూర్చోగలిగిన ఆటలు ఇవి. లెక్క, ఓర్పు, ఓటమిని నవ్వుతూ స్వీకరించే గుణం వీటి ద్వారా పిల్లలకు తెలియకుండానే అలవడతాయి.

డిసెంబరు మధ్యలో సూర్యుడు ధనూరాశిలో ప్రవేశించడంతో వాకిలి మేల్కొంటుంది. తెలుగువారు దీనిని నెలపట్టడం అంటారు. తమిళులకు ఇది మార్గళి. ఆండాళ్ తిరుప్పావైలోని ముప్పై పాశురాలను రోజుకొకటి చొప్పున అనుసంధించే ఆచారమే ఒక మాసప్రణాళిక. ఆ ఆండాళ్ కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగుచేసి, రెండు సాహిత్యాల నడుమ శాశ్వతమైన వంతెన నిర్మించాడు. వాకిట కనిపించేది కూడా అదే వంతెన. తెలుగు ఇంటి ముగ్గుకూ తమిళ ఇంటి కోలానికీ పేరులోనే తేడా, నడుమ నిలిపే గుమ్మడిపువ్వు ఒక్కటే. తెల్లవారుజామున ముగ్గులు, సాయంకాలం గొబ్బిపాటలు, భోగినాటి మంటలు, ఆపై సంక్రాంతి, కనుమ. వీధిలో చెడుగుడు, గోటీబిళ్ళ. ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క పని, ఒక్కొక్క వయసుకు ఒక్కొక్క ఆట. ఏ కార్యాలయమూ ముద్రించని ఈ కార్యక్రమపట్టికను పంచాంగం, ఇంటి పెద్దల జ్ఞాపకం కలిసి నడిపించాయి.

ఫ్రెంచి పాలన ఈ పట్టణానికి మరొక ఆరుబయటి ఆటను అప్పగించి వెళ్ళింది. అది పెటాంక్. దక్షిణ ఫ్రాన్సులోని లా సియోటా పట్టణంలో 1910 ప్రాంతంలో రూపుదిద్దుకున్న ఈ ఆట పుట్టుక ఆలోచింపదగినది. కీళ్ళవాతంతో పరుగు తీయలేని ఒక ఆటగాని కోసం మిత్రులు పరుగును తొలగించి, నిలుచున్నచోటి నుంచే బంతి విసిరే నియమం చేశారు. ఆరు నుంచి పది మీటర్ల దూరంలో పడిన చిన్న గుండుకు తమ లోహపు గుండ్లను చేరువ చేసి, ముందుగా పదమూడు పాయింట్లు సాధించినవారు విజేతలు. 1954 నవంబరు 1న పాలన భారత ప్రభుత్వానికి సంక్రమించి, 1962 ఆగస్టు 16న విలీనం చట్టబద్ధంగా పూర్తయినా, పెటాంక్ ఈ పట్టణాన్ని విడిచిపోలేదు. వృద్ధుని ఆటనుంచి తప్పించక, ఆటనే వృద్ధునికి తగినట్లు మలచడం వినోదప్రణాళికకు మూలసూత్రం కాదగినది.

అయితే పూర్వపు ఏర్పాటును పొగడి ఊరుకోవడం న్యాయం కాదు. వేకువనే లేచి కళ్ళాపి చల్లి ముగ్గు తీర్చిన చేతులే పొయ్యి వెలిగించాయి, పిండివంటలు వండాయి. ఇంటిల్లిపాది వినోదానికి స్త్రీల శ్రమే పునాది కాగా, వీధి ఆట మాత్రం చాలావరకు మగపిల్లల సొత్తయింది. నేడు మరొక నష్టం తోడవుతున్నది. పట్టణం పెరిగినకొద్దీ వాకిళ్ళు వాహనాల నిలుపుదలకు, ఖాళీస్థలాలు కట్టడాలకు లోబడుతున్నాయి. వాకిలి లేని ఇంటికి ముగ్గు గడపదాటని గీతగా మిగులుతుంది. మైదానం లేని పేటలో చెడుగుడు పాఠ్యపుస్తకపు మాట అవుతుంది. పైగా 2011 డిసెంబరు 30న థానే తుఫాను, 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను ఈ తీరాన్నే తాకాయి. నీరు ఇంకే ఖాళీనేలను కాపాడుకోవడం ఆటకే కాదు, ప్రాణరక్షణకూ అవసరమని అవి గుర్తుచేశాయి.

కనుక చలిమాసాల కార్యక్రమాలను రూపొందించే అధికారులు, పాఠశాలలు, సాంస్కృతిక సంఘాలు రెండు పట్టికలు సిద్ధం చేసుకోవడం మేలు. మొదటిది వానరోజులకు: గ్రంథాలయంలోనో సమాజమందిరంలోనో వామనగుంటలు, పులిజూదం, పద్యపఠనం, కథాకాలక్షేపం. రెండవది తెరపిరోజులకు: ముగ్గులు, ఉద్యానంలో వృక్షపరిచయం, చెడుగుడు, పెటాంక్. మైదానంలో బాలికలకు సమానమైన వేళ, వృద్ధులకు కూర్చునే చోటు, వంటపనిలో పురుషులకు వాటా ఆ పట్టికలలోనే ఉండాలి. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో, రోడ్డుమార్గాన 800 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న తెలుగు పట్టణం యానాంలోని ముగ్గులు, గొబ్బిపాటలు ఇక్కడికి, ఇక్కడి పెటాంక్ అక్కడికి ప్రయాణించగలిగితే రెండు ఊళ్ళ శీతకాలమూ సంపన్నమవుతుంది.

ఉత్సవానికి వేదిక, దీపాలంకారం ఒక్కరోజులో అమర్చవచ్చు. ఆటకు కావలసిన నేలను, తీరికను మాత్రం ఏడాది పొడవునా కాపాడుకోవాలి. ఒర్లియంపేట వాకిట తెల్లవారుజామున పరచుకునే తెల్లని చుక్కలు మనకు నేర్పే పాఠం ఇదే. ముందు చుక్క పెట్టే చోటు ఉండాలి, ఆ తరువాతనే ముగ్గు.