లాంతరు నూనెతో అట్లాంటిక్ దాటింది

2003 ఆగస్టు 9, శనివారం సాయంత్రం. కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్లాండ్ దీవి, అందులో కేప్ స్పియర్ అనే కొండ అంచు. ఉత్తర అమెరికా నేల అక్కడితో ఆఖరు. ఆపైన కనుచూపు మేరా అట్లాంటిక్ నీళ్ళే. ఆ అంచున డెబ్బై ఏడేళ్ళ పెద్దాయన ఒకాయన చిన్న విమానాన్ని చేతుల్లోకి ఎత్తుకుని నిలబడ్డాడు. ముందున్న రెక్క గిర్రున తిరుగుతోంది. ఆ రొద ఆయన చెవులకు సరిగా వినపడదు. ఎదుట ఉన్న సముద్రం ఆయన కళ్ళకు సరిగా ఆనదు. చూపు దాదాపు పోయిందని వైద్యులు ఎప్పుడో తేల్చేశారు.

ఆయన విమానాన్ని గాల్లోకి విసిరాడు.

అది కాస్త ఊగి, నిలదొక్కుకుని పైకి లేచింది. రేడియో చేతబట్టిన సహచరుడు దాన్ని తగినంత ఎత్తుకు చేర్చి, పగ్గాలు లోపలి యంత్రానికి అప్పగించాడు. ఇక దాన్ని నడిపేవాళ్ళు లేరు. తూర్పున 3,000 కిలోమీటర్ల అవతల ఐర్లండ్ ఉంది. మన లెక్కలో చెప్పాలంటే ఒంగోలు నుంచి ఆకాశమార్గాన ఢిల్లీ వెళ్ళి, దిగకుండా మళ్ళీ ఒంగోలు వచ్చినంత దూరం. ఆ విమానం నిండా ఇంధనం పోశాక కూడా తూగింది అయిదు కిలోల లోపే. గుంటూరు యార్డులో నలభై అయిదు కిలోల మిర్చి టిక్కీని ఒక్కరే భుజాన వేసుకునే హమాలీలను చూసిన మనకు, ఆ టిక్కీలో తొమ్మిదో వంతు బరువు సముద్రం దాటడానికి బయల్దేరిందంటే అదెంతటి సాహసమో వేరే చెప్పక్కర్లేదు.

ఆ పెద్దాయన పేరు మేనార్డ్ హిల్. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం, సిల్వర్ స్ప్రింగ్ ఊరు. వృత్తి లోహశాస్త్రం. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రయోగశాలలో పనిచేసి రిటైరయ్యాడు. పిచ్చి మాత్రం చిన్నప్పటి నుంచీ బొమ్మ విమానాలదే. ఎత్తులో, దూరంలో, గాల్లో నిలిచిన సేపులో అంతర్జాతీయ రికార్డులు పాతిక దాకా ఆయన పేరు మీద నమోదయ్యాయి. ఆఖరుగా మిగిలిన కోరిక ఒక్కటే: అట్లాంటిక్.

అడ్డంకి ఎక్కడంటే నిబంధనల దగ్గర. మోడల్ విమానాల రికార్డుగా లెక్కకు రావాలంటే ఇంధనంతో సహా బరువు అయిదు కిలోలు దాటకూడదు. ఇంజను పది సీసీకి మించకూడదు. పది సీసీ అంటే ఎంత? గట్ల మీద గడ్డి కోసే బ్రష్ కట్టర్ ఇంజను మామూలుగా పాతిక నుంచి యాభై సీసీ ఉంటుంది. అందులో సగం కూడా లేని ఇంజను, ఆగకుండా రెండు రాత్రులూ ఒకటిన్నర పగలూ తిరగాలి.

హిల్ ఎంచుకున్నది జపాన్‌కు చెందిన ఓఎస్ కంపెనీ ఫోర్‌స్ట్రోక్ ఇంజను. బొమ్మ విమానాలకే పుట్టిన ఇంజను అది. కొన్నది కొన్నట్టు వాడితే మాత్రం సముద్రంలో సగం దూరం కూడా పోదు. ఎందుకంటే అలాంటి ఇంజన్లు మిథనాల్‌తో నడుస్తాయి. మిథనాల్‌లో ఆముదమో మరో నూనో కలుపుతారు. ప్లగ్గులో సన్నటి ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. ఒకసారి వేడెక్కితే మిథనాల్ తగిలినంతసేపూ అది ఎర్రగా కాగుతూనే ఉంటుంది, వేరే కరెంటు అక్కర్లేదు. సులువైన ఏర్పాటే. కానీ కిలో పెట్రోలులో ఉన్న శక్తిలో సగం కూడా కిలో మిథనాల్‌లో ఉండదు. బరువు అయిదు కిలోలకు కట్టేసినప్పుడు, మోసుకెళ్ళే ప్రతి గ్రాము ఇంధనమూ రెట్టింపు పని చేయాలి.

అందుకే ఆయన ఇంజను స్వభావమే మార్చేశాడు. ఆ ప్లగ్గు తీసేసి, మన మోటారుసైకిల్‌కు ఉన్నట్టు నిప్పురవ్వ కొట్టే స్పార్క్ ప్లగ్గు పెట్టాడు. మిథనాల్ మానేసి, ఆరుబయట విడిది చేసేవాళ్ళు లాంతర్లలో పోసుకునే శుభ్రమైన తెల్ల పెట్రోలు పోశాడు. అందులో కొద్దిగా కందెన నూనె. ఇక కార్బొరేటర్. అసలు తపస్సు అక్కడే జరిగింది. సూది మొనంత దారిలోంచి ఇంధనం ఎంత సన్నగా పోతే ఇంజను ఆగిపోకుండా ఉంటుందో, అంత సన్నగా పోనివ్వాలి. రవ్వంత తగ్గితే ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. రవ్వంత ఎక్కువైతే ఐర్లండ్ చేరకముందే ట్యాంకు ఎండిపోతుంది. కట్టుబల్లకు బిగించి, గంటలకు గంటలు నడిపించి, తూచి, మళ్ళీ తిప్పి, మళ్ళీ తూచి సాధించాడు. చివరికి గంటకు సుమారు తొంభై మిల్లీలీటర్ల దగ్గర నిలబడింది. టీ కొట్టులో ఇచ్చే గ్లాసుడన్నమాట! చిలకలూరిపేట బస్టాండులో టీ తాగేటప్పుడు ఒకసారి ఆ గ్లాసు కేసి చూడండి. గంటకు అంత. అంత ఇంధనంతో ఆ విమానం సగటున గంటకు 78 కిలోమీటర్లు పోయింది.

ఇక్కడ మన ఊళ్ళ సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే ఇంజను స్వభావం మార్చే విద్య మనకు కొత్తది కాదు. నరసరావుపేట నుంచి మార్టూరు దాకా, అద్దంకి నుంచి పర్చూరు దాకా ఏ రైతు కొట్టంలో చూసినా ఒక మూల చిన్న పెట్రోలు ఇంజను కనిపిస్తుంది. వీపున తగిలించుకుని మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌ది కావచ్చు, గడ్డి కోసే మిషన్‌ది కావచ్చు. తాడు లాగితే రయ్యిమంటుంది. నాలుగు చినుకులకు తడిసి మొరాయిస్తే, ప్లగ్గు విప్పి గీకి మళ్ళీ లేపే పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఆ గడ్డి మిషన్ ఇంజన్నే విమానానికి బిగించడం లోకంలో చాలాకాలంగా ఉన్న విద్య. అమెరికాలో అభిరుచి ఉన్నవాళ్ళు రంపపు మిషన్ల ఇంజన్లతో, గడ్డి మిషన్ల ఇంజన్లతో పెద్ద సైజు మోడళ్ళు ఎగరేశారు. ఆ ఇంజనులో ఒక సుగుణం ఉంది. దాని కార్బొరేటర్‌లో తేలే బుడ్డి ఉండదు, పల్చని పొర ఉంటుంది. క్రాంక్‌కేసులో పిస్టన్ పుట్టించే ఒత్తిడికి ఇంకో చిన్న పొర కొట్టుకుంటూ పెట్రోలును లాక్కొస్తుంది. ఇంజనును పక్కకు వంచినా, తలకిందులు చేసినా ఆగదు. గట్టు వాలు మీద మిషన్‌ను అటూ ఇటూ తిప్పి గడ్డి కోసే మనిషి కోసం చేసిన ఆ ఏర్పాటే, గాల్లో పల్టీ కొట్టే విమానానికీ సరిపోయింది.

చేయవలసింది కొంచెమే, కానీ ఆ కొంచెం నిక్కచ్చిగా చేయాలి. తాడు చుట్ట, ప్లాస్టిక్ తొడుగు, క్లచ్ తీసేయాలి. ఫ్లైవీల్ మీద గాలి విసిరే రెక్కలను లేతు మీద చెక్కించి బరువు తగ్గించుకోవచ్చు, ముందున్న ప్రొపెల్లర్ గాలే సిలిండరును చల్లారుస్తుంది. కానీ అయస్కాంతం ఉన్నవైపు ఒకలా, ఎదురువైపు ఒకలా చెక్కితే తూకం తప్పి ఇంజను వణుకుతుంది. ఆ వణుకు, విమానం ముక్కున ఇంజను బిగించే చెక్క గోడను చీల్చేస్తుంది. కాయిల్‌కూ అయస్కాంతానికీ మధ్య సందు విజిటింగ్ కార్డు మందమే ఉండాలి. ప్రొపెల్లర్ బిగించే హబ్ నడిమధ్యన కూర్చోవాలి, వెంట్రుకవాసి పక్కకు పోయినా ఒప్పుకోదు. షాఫ్టుకు రెండువైపులా బేరింగులున్న ఇంజనైతే ఇవన్నీ తట్టుకుంటుంది. ఒకవైపే ఉన్న చవక రకానికి పెద్ద ప్రొపెల్లర్ తగిలిస్తే ఎక్కువ కాలం బతకదు.

మళ్ళీ అట్లాంటిక్ మీదికి వెళదాం. ఆగస్టు 9 రాత్రి గడిచింది. విమానం పేరు టామ్-5. జీపీఎస్ చూపిన దారిన, నీటికి 300 మీటర్ల ఎత్తున ఒంటరిగా పోతోంది. తానెక్కడున్నదీ ఉపగ్రహం ద్వారా కబురు పంపుతోంది. కింద ఒడ్డున ఉన్నవాళ్ళకు ఆ అంకెలే ఆధారం. అంతకు ముందు ఏడాది, 2002 ఆగస్టులో, ఇదే కొండ మీద నుంచి ఇలాగే పంపిన విమానాలు ఒక్కటీ ఒడ్డు చేరలేదు. నెలల తరబడి చేత్తో చెక్కిన బాల్సా కర్ర, గాజునార, ఇంజను అన్నీ సముద్రం పాలయ్యాయి. కళ్ళు సరిగా కనపడని మనిషి, వేళ్ళతో తడిమి చూసుకుంటూ మళ్ళీ మొదటి నుంచి కట్టాడు. పత్తి చేను తెల్లదోమ పాలైన మరుసటేడు మళ్ళీ విత్తనం కొన్న మనిషిని ఎరిగిన జిల్లాలు మనవి. ఆ మనసు ఎలాంటిదో మనం ఊహించగలం.

ఈసారి కూడా మధ్యలో కబురు ఆగింది. తెరమీద కొత్త అంకె రాలేదు. నిమిషాలు గడిచే కొద్దీ అందరి మొహాలూ వాడిపోయాయి. ఇదీ మునిగిందనే అనుకున్నారు. కొన్ని గంటల తర్వాత మళ్ళీ అంకె వచ్చింది. విమానం దారి తప్పలేదు. తూర్పుకే పోతోంది.

ఆగస్టు 11, సోమవారం మధ్యాహ్నం. ఐర్లండ్ పడమటి ఒడ్డు, క్లిఫ్డెన్ ఊరి దగ్గర మానిన్ బీచ్. అమెరికా మోడల్ విమానాల సంఘం అధ్యక్షుడు డేవ్ బ్రౌన్ రేడియో పట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. చుట్టూ కొద్దిమంది. అంత పెద్ద ఆకాశంలో ఆరడుగుల రెక్కలున్న వస్తువు కోసం వెతకడమంటే, ఆకాశమంతా గాలించి ఒక్క గద్దను పట్టుకోవడమే. మొదట చుక్కలా కనపడింది. తర్వాత చప్పుడు. బ్రౌన్ పగ్గాలు అందుకుని, చుట్టు తిప్పి, మెల్లగా నేలకు దింపాడు. 38 గంటల 52 నిమిషాలు. 1,882 మైళ్ళు. ట్యాంకులో మిగిలిన ఇంధనం టీ గ్లాసుడు కూడా లేదు. అంటే మరో గంట ప్రయాణానికి సరిపడా లేదు.

ఫోను అటు సముద్రం దాటి న్యూఫౌండ్లాండ్‌లో ఉన్న హిల్‌కు చేరింది. డెబ్బై ఏడేళ్ళ మనిషి భార్యను పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

క్లిఫ్డెన్‌ను ఎంచుకోవడంలో ఒక భక్తి కూడా ఉంది. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు బ్రిటిష్ వైమానికులు న్యూఫౌండ్లాండ్‌లోనే లేచి, మనుషుల్లో మొదటిసారిగా ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటి, ఆ ఊరి పక్క బురదనేలలోనే దిగారు. వాళ్ళు ఎక్కింది విమీ అనే బాంబర్. యుద్ధం కోసం చేసినదానికి అదనపు ట్యాంకులు బిగించి సముద్రానికి తయారు చేశారు. ఒక పని కోసం పుట్టినదాన్ని ఇంకో పనికి మలచడం అప్పుడూ జరిగింది, ఎనభై నాలుగేళ్ళ తర్వాతా జరిగింది.

ఈ కథలో నన్ను అన్నిటికన్నా కదిలించింది విమానానికి పెట్టిన మరో పేరు: స్పిరిట్ ఆఫ్ బట్స్ ఫార్మ్. బట్స్ గారి పొలం ఆత్మ అని అర్థం. మేరీల్యాండ్‌లో బీచర్ బట్స్ అనే ఆయన తన పొలంలో ఈ విమానాలు ఎగరేసుకోనిచ్చాడు. పరీక్షలు ఆ చేలో జరిగాయి. అట్లాంటిక్ దాటిన విమానం పేరులో ఏ కంపెనీ పేరూ లేదు, ఏ నాయకుడి పేరూ లేదు. చేను ఇచ్చిన మనిషి పేరుంది.

మన ప్రాంతంలో ఈ చిన్న ఇంజను చప్పుడు ఎక్కువగా దిగులు చప్పుడే. 1987లో పత్తి మీద పురుగు, 2021లో మిరప మీద నల్ల తామరపురుగు పడ్డప్పుడు, తెల్లవారకముందే చేలల్లో మోగింది ఆ రొదే. ఎంత మందు కొట్టినా పురుగు చావక, అప్పు తీరక కుమిలిన ఇళ్ళలో ఆ ఇంజన్లు ఇప్పటికీ ఉన్నాయి. అదే ఇంజను మన పిల్లల చేతిలో ఒక్కసారి ఆకాశంలోకి లేవాలని నా ఆశ.

పిల్లలకు ఒక మాట. స్ప్రేయర్ ఇంజను ముట్టుకునే ముందు చేతికి తొడుగులు వేసుకుని, సబ్బునీళ్ళతో దాన్ని రెండు మూడుసార్లు కడగండి. దాని మీద పురుగుమందు అంటుకుని ఉంటుంది. పదహారు అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 7,000 చుట్లు తిరిగితే దాని కొస గంటకు 500 కిలోమీటర్లు మించిన వేగంతో పోతుంది. వేలు తగిలితే వేలు ఉండదు. ఇంజనును గట్టి బల్లకు బిగించి, వెనక నిలబడి, ఆపే స్విచ్చి చేతికందేలా పెట్టుకున్నాకే తిప్పండి. మన దేశంలో 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం మోడల్ విమానం బరువు 25 కిలోలు దాటకూడదు, కంటికి ఆనే దూరంలోనే ఎగరాలి. రిజిస్ట్రేషన్ సంగతి పెద్దవాళ్ళతో కనుక్కుని ముందే చూసుకోండి.

రైతు పెద్దలకు ఒక మనవి. ఏప్రిల్ దాటితే మిరప కోతలు అయిపోతాయి, పత్తి మోళ్ళు పీకేస్తారు, నల్లరేగడి నెర్రెలు విచ్చి తొలకరి దాకా ఖాళీగా ఉంటుంది. కరెంటు తీగలు లేని ఒక ఎకరం చూసి, ఒక్క సాయంత్రం ఆ చేను పిల్లలకు ఇవ్వండి.