కుప్పకూ ఒక లెక్క

తెలుగులో కుప్ప అంటే కళ్ళంలో వేసిన పంట. కుప్ప నూర్చారంటే ఆ ఇంట గింజ ఉన్నట్టే. తమిళంలో కుప్పై అంటే చెత్త. పాత తమిళంలో ఆ మాటకు రాశి అనీ, ఎరువు అనీ కూడా అర్థాలున్నాయి. బిడ్డలు దక్కని ఇళ్ళలో పుట్టిన పసివాణ్ణి కుప్పమీద పొర్లించి ఇక్కడ కుప్పుస్వామి అనేవారు, తెలుగునాట పెంటయ్య అనేవారు. కుప్ప ప్రాణం నిలుపుతుందని ఇద్దరి నమ్మకం. నేడు మన పిల్లలు ఆ మాట వింటే ముక్కు మూసుకుంటారు.

మన పెద్దలు దేన్నీ ఊరికే పారవేయలేదు. మధురలో తిరుమల నాయకుడు (1623-1659) మహలుకు ఇటుకల కోసం మట్టి తవ్వించి, ఆ గుంతనే వండియూరు తెప్పకుళంగా కట్టించాడని చెప్పుకుంటారు. నేటికీ మీనాక్షమ్మ తెప్పోత్సవం అందులోనే. తర్వాత మనుమడు చొక్కనాథుడు ఆ మహలునే చాలావరకు విప్పించి, సామగ్రిని తిరుచిరాపల్లికి తరలించాడు. చరిత్రకు అది నష్టమే. అయినా విప్పిన రాయిని కూడా వృథా పోనివ్వని కాలమది.

కోయంబత్తూరు కథ పత్తితో మొదలవుతుంది. విజయనగర, నాయకరాజుల కాలంలో ఇటు వలస వచ్చిన మన రైతులు నల్లరేగడిలో పత్తి పండించారు. దూది నూలుకు, గింజ పశువులకు, కట్టె పొయ్యిలోకి, పేడా బూడిదా మళ్ళీ చేలోకి. 1888లో స్టేన్స్ దొర ఇక్కడ తొలి నూలుమిల్లు పెట్టాడు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్సు స్థాపించారు. 1930ల తొలినాళ్ళలో పైకారా జలవిద్యుత్తు వచ్చాక మిల్లులు వరసగా లేచాయి. చేలోని లెక్క మిల్లులోకీ నడిచింది.

ఆ లెక్కను నేను బ్యాంకు ఉద్యోగంలో కళ్ళారా చూశాను. అప్పుకు హామీగా మిల్లువారిచ్చే సరుకు పట్టీలో పత్తి, నూలు తర్వాత వేస్టు కాటనుకు వేరే వరుస ఉండేది. గిడ్డంగి తనిఖీకి వెళితే బ్లోరూములో రాలింది ఒకచోట, కార్డింగు స్ట్రిప్సు ఒకచోట, కోంబరు నాయిలు ఒకచోట, నేల ఊడ్చింది ఇంకోచోట. దేని తూకం దానిది, దేని ధర దానిది. కలిపితే ధర పడిపోతుంది. తిరుప్పూరు బనియను కత్తిరింపులను రంగుల వారీగా ఏరి, చీల్చి దూది చేసి, ఓపెన్ ఎండ్ మిల్లుల్లో ముతక నూలు వడుకుతారు. ముందే రంగులు వేరుచేస్తే మళ్ళీ అద్దకం పని తగ్గుతుంది. చివరకు మిగిలే దుమ్ము కూడా పేడతో కలిపి కుళ్ళబెడితే ఎరువే.

అంతా మంచే అనలేను. ఆ దుమ్ము పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులకు ఏ పట్టీలోనూ వరుస లేదు.

మిల్లు వేస్టును అంత జాగ్రత్తగా లెక్కపెట్టిన మేము మా ఆఫీసు బుట్టను ఎన్నడూ తూచలేదు. గడువు తీరిన వోచర్లను మాత్రం కిలోల లెక్కన అమ్మి జమ కట్టేవాళ్ళం. అన్నం మెతుకులు, అరిటాకులు, టీ కప్పులు, కాగితాలు అన్నీ ఒకే బుట్టలోకి. ఇలాంటి బుట్టలన్నీ చేరి పెరిగిందే వెళ్ళలూరు దిబ్బ. ఒకప్పుడు రోమను నాణేల నిధులు దొరికిన ఊరది. 2024 ఏప్రిల్‌లో ఆ దిబ్బకు నిప్పంటుకుని, చుట్టుపక్కల వారు పొగలో ఉక్కిరిబిక్కిరయ్యారు.

రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే సంస్థలు తడిచెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగా మార్చుకోవాలని 2016 నాటి నియమాలు చెప్పాయి. ఇది మనకు కొత్త విద్య కాదు. వేరుచేయడం, తూచడం, పద్దు రాయడం, ఈ మూడూ మన మిల్లుల్లో తరతరాలుగా జరిగినవే. తూచిన వస్తువును ఎవరూ ఊరికే పారవేయరు.

మన కల్యాణ మండపాల్లో, సంఘ భవనాల్లో పంక్తి లేచాక విస్తళ్ళు ఎక్కడికి పోతున్నాయి? వచ్చే ఉగాది విందుకు వంటశాల పక్కన ఒక తూకం, పెరట్లో ఒక గుంత ఏర్పాటు చేసుకుందాం. ఆ గుంత ఎరువైన నాడు, ఆ కుప్పను మన పిల్లలకు తెలుగు అర్థంతోనే చూపించవచ్చు.