మధుమేహ జఠరమాంద్యము

దీర్ఘకాలము అదుపుతప్పిన మధుమేహమువలన జఠరమును నడపు వేగస్ నాడియు, కండరములకు లయనిచ్చు కణములును చెడి, తిన్న యన్నము ప్రేవులలోనికి దిగక గంటలతరబడి నిలిచిపోవు స్థితిని వైద్యులు గ్యాస్ట్రోపెరీసిస్ అందురు.

చరక సుశ్రుతులెరిగిన మధుమేహమునకు ఇంతటి ప్రాచీనత యుండియు, దాని యీ ఉపద్రవము ఇరువదవ శతాబ్దమునగాని స్పష్టముగా గుర్తింపబడలేదు. 1922లో ఇన్సులిన్ చికిత్స మొదలగుటకు పూర్వము, బాల్యముననే రోగము వచ్చినవారు నాడులు చెడునంతకాలము బ్రతుకుటయే అరుదు. 1936లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు మధుమేహులకు జీర్ణమార్గముననే కలుగు మరియొక ఉపద్రవమైన అతిసారమును వర్ణించిరి. 1945లో రండిల్స్ అను వైద్యుడు 125 మంది మధుమేహ రోగుల నాడీదోషములను సమీక్షించెను. 1958లో కసాండర్ అను వైద్యుడు, ఏ బాధయు చెప్పుకొనని మధుమేహులలో సైతము జఠరము ఖాళీకాకుండుట చూపి, దానికి నేటి పేరు పెట్టెను.

ఈ వ్యాధి లక్షణములను జనులెట్లు గ్రహింతురో ఒక ప్రాంతమున చూతము. 2016 అక్టోబరు 11 వరకు కరీంనగర్ జిల్లాలోనివైన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఒకప్పుడు జొన్నరొట్టె, గట్క ప్రధానాహారము. పోచంపాడు ప్రాజెక్టు నీరు కాకతీయ కాలువ వెంట వచ్చిన పిమ్మట వరి విస్తరించెను, పొలాస పరిశోధనా స్థానము రూపొందించిన జగిత్యాల సన్నాలు ప్రసిద్ధికెక్కెను. కూర్చుండి బీడీలు చుట్టువారికిని, రేయింబవళ్లు సాంచల (మరమగ్గముల) యొద్ద పనిచేయువారికిని వేళకు భోజనమే దుర్లభము. నాలుగు ముద్దలకే కడుపు నిండినచో, తిన్నది సాయంత్రమునకు వాంతియైనచో, “అన్నం అరుగుతలేదు, గ్యాస్ పట్టింది” అని గ్యాస్ గోలీ మింగుట ఇచటి వాడుక. ప్రతి ఉబ్బరమును ఈ వ్యాధి కాదు. అయినను షుగరున్నవాని విషయమున ఈ మాటను తేలికగా విడుచుట మంచిది కాదు: ఇన్సులిన్ సూది వేళకు పనిచేయును, అన్నము మాత్రము వేళకు దిగదు; అందుచే భోజనమైన కొలదిసేపటికే చక్కెర పడిపోయి చెమటలు పట్టుటయు, పిదప హఠాత్తుగా పెరుగుటయు కలదు.

రేడియోధార్మిక టెక్నీషియము కలిపిన గ్రుడ్డు భోజనము పెట్టి గామా కెమెరాతో చూచి, నాలుగు గంటల తరువాతను పదవవంతునకు మించి మిగిలినచో మాంద్యమని నిర్ణయింతురు. చికిత్సలో ఒక చిక్కు కలదు. షుగరునకు మేలని చెప్పు పీచు నిండిన జొన్నరొట్టె, పచ్చి కూరగాయలు ఈ జఠరమునకు భారమగును. ఒక్కొక్కప్పుడు పీచు ఉండకట్టును. కావున మెత్తగా వండిన అన్నము, పలుచని పప్పు, నూనె తక్కువగా, కొద్దికొద్దిగా పలుమార్లు తినవలెను. మెటోక్లోప్రమైడు వంటి మందులు జఠరమును కదలించునుగాని, దీర్ఘకాలము వాడినచో అసంకల్పిత చలనములు కలుగవచ్చును. షుగరునకు వాడు సెమాగ్లుటైడ్ వంటి సూదిమందులు తామే జఠరమును మందగింపజేయును. అట్లే, పైని చెప్పిన అతిసారమువలె, షుగరునకు వాడు మెట్‌ఫార్మిన్ గోలీ కొందరికి విరేచనములు పుట్టించును. కనుక నాడులను నిందించుటకు ముందు, రోగి వాడుచున్న మందుల చీటీని వైద్యుడు చూడవలసియున్నది.