గట్టి రాయి పారుతుందా?

భూమి పైపెంకు కింద ఏముందని యూనివర్సిటీ కుర్రాళ్ళని అడిగి చూడండి. చాలామంది ఠక్కున "లావా" అంటారు. కాదండీ. అక్కడున్న మాంటిల్ సుమారు 2,900 కిలోమీటర్ల మందాన దాదాపు అంతా గట్టి రాయే. ద్రవంలోంచి వెళ్ళలేని ఎస్-తరంగాలు దాన్ని దాటుకుని వస్తున్నాయి, అదే సాక్ష్యం. కానీ అదే రాయి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున పారుతుంది కూడా! చిక్కంతా ఇక్కడే. గట్టిదైతే పారదు, పారితే గట్టిది కాదు అని మన బుర్ర మొరాయిస్తుంది.

కుర్రాళ్ళని తిట్టేముందు కాస్త చరిత్ర చూద్దాం. 1862లో విలియం థామ్సన్ (తరవాత లార్డ్ కెల్విన్ అయ్యాడు) భూమి వయసు లెక్కగట్టాడు. కరిగిన ముద్ద గట్టిపడి చల్లారుతోంది. లోతుకి వెళ్ళేకొద్దీ వేడి ఎంత పెరుగుతోందో తెలిస్తే, ఎన్నాళ్ళుగా చల్లారుతోందో చెప్పొచ్చు. జవాబు: 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ళు. 1897కల్లా దాన్ని 2-4 కోట్లకి కుదించాడు. ఆ కాలం చాలదని జియాలజిస్టులు గింజుకున్నారు, డార్విన్‌కీ అది కంట్లో నలుసే అయింది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే కోడ్ కరెక్టే, అసంప్షన్ తప్పు. లోపలి రాయి కదలదనుకున్నాడాయన. ఒకప్పుడు ఆయన దగ్గరే అసిస్టెంటుగా చేసిన జాన్ పెర్రీ 1895లో ఆ మాటే అన్నాడు. లోపలి పదార్థం కదులుతూ వేడిని పైకి మోస్తుంటే వయసు 200-300 కోట్ల ఏళ్ళైనా కావచ్చు అని. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రేడియోధార్మికత వల్లే కెల్విన్ లెక్క తప్పిందని చాలా పుస్తకాలు రాస్తాయి గానీ, కదలని రాయికి ఆ వేడిని కలిపినా జవాబు పెద్దగా మారదు.

1912లో వెగెనర్ ఖండాలు కదిలాయన్నప్పుడూ, గట్టి రాయిలో ఎలా కదులుతాయన్న ప్రశ్నే అడ్డొచ్చింది. శాస్త్రలోకం ఒప్పుకోడానికి 1960లు రావాల్సొచ్చింది. ఈలోగా 1956లో క్లెయిర్ పాటర్సన్ ఉల్కల్లో సీసం కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని తేల్చాడు.

మహామహులకి తరాలు పట్టిన సంగతిని మనం ఒక పీరియడ్‌లో, ఒక రంగుల బొమ్మతో (అందులో మాంటిల్‌కి ఎర్రరంగు!) ముగించేస్తాం. జవాబు ఇస్తాం, దానికోసం జరిగిన తగాదా చెప్పం. సింగరేణి బొగ్గు తయారైన నాటికి మన నేల అంటార్కిటికాని ఆనుకుని ఉండేదన్నది బట్టీ పడితే ఒక మార్కు. గట్టి రాయి పారకపోతే అది సాధ్యమా అని అడిగితే చదువు.

ఏమంటారు?