మన వీలునామాలు

1925వ సంవత్సరము మన ప్రాంతమువారికి రెండు విధముల జ్ఞాపకముంచుకొనదగినది. కృష్ణా మండలము విభజింపబడి, ఏలూరు ముఖ్యస్థానముగా పశ్చిమ గోదావరి మండల మేర్పడినది ఆ యేడే. హిందువుల వీలునామాల పద్ధతిని మార్చిన భారత వారసత్వ చట్టము పుట్టినదియు ఆ యేడే. మొదటిదానిని చదువరు లెల్లరు నెరుగుదురు. రెండవదానివలన తమ యింటి పెట్టెలోని కాగితమున కేమి సంభవించినదో యెరిగినవారు మిక్కిలి తక్కువ.

మన ప్రాచీన ధర్మశాస్త్రములలో వీలునామా యనునది లేదు. దాయభాగ ప్రకరణము లెన్ని తిరుగవేసినను, చనిపోయినవాని యిచ్ఛ ఆస్తిని నడిపించునను మాట కానరాదు. కుంఫిణీవారి కాలమున నీ యాచారము ప్రబలగా, హిందూధర్మమున కనుగుణమైనంతవరకే అట్టివి చెల్లునని 1829లో చెన్నపురి ప్రభుత్వము శాసించెను. 1870లో హిందూ వీలునామాల చట్టము వచ్చెను గాని, మన రాజధానిలో నది చెన్నపట్టణమునకే వర్తించెను. ఏలూరు, తాడేపల్లిగూడెము రైతులకు దానితో పని లేకపోయెను. మంచముపై నున్న పెద్ద నలుగురి యెదుట నోటితో చెప్పినదియు చెల్లుచుండెను. 1927 జనవరి 1వ తేదీతో నీ సౌకర్యము పోయినది. నాటినుండి వ్రాత యుండవలెను, చేవ్రాలో వేలిముద్రయో యుండవలెను, ఇద్దరు సాక్షులుండవలెను. ఆ సాక్షులలో ప్రతివాడును వ్రాయించినవాని సమక్షముననే చేవ్రాలు చేయవలెను.

దస్తావేజు వ్రాసిన లేఖరి పేరును సాక్షి పేరుగా లెక్కించుకొని, ఒక్క సాక్షితో సరిపెట్టువారు కలరు. సాక్ష్యమిచ్చు తలంపుతో చేసినదే సాక్షి చేవ్రా లగునని 1969లో సుప్రీంకోర్టు స్పష్టపరచెను. మరియొక వింత కలదు. గౌరవార్థము ఊరిలోని మిక్కిలి వృద్ధులనే సాక్షులుగా పిలుతురు. తగవు పుట్టి కోర్టులో వారిని పిలువవలసివచ్చునప్పటికి వా రుందురా?

ఇవి కాగితపు దోషములు. వీనికంటె గొప్పది తనది కానిదానిని దానముచేయుట. అవిభక్త కుటుంబములోనివాడు తన భాగమును వీలునామాతో నీయజాలడనియు, ప్రాణము పోవు క్షణముననే యది మిగిలిన భాగస్తులకు చెందిపోవుననియు 1874లో చెన్నపురి హైకోర్టు చెప్పెను. జమీందారుల మాట వేరు. పిఠాపురపు రాజా గంగాధర రామారావుగారు 1873లో వేంకటగిరి వంశమునుండి దత్తత చేసికొనిరి. 1885లో ఔరసుడు కలుగగా సంస్థానము నాతనికే వ్రాసి 1890లో కాలధర్మము నొందిరి. దత్తపుత్రుడు ప్రీవీ కౌన్సిలు దాక పోరాడెను గాని, 1899లో వీలునామాయే గెలిచెను. సూర్యరాయాంధ్ర నిఘంటువును పోషించిన సూర్యారావుగారే ఆ యౌరసుడు. అవిభక్తుడైన రైతునకు తన భాగమును వ్రాయు స్వాతంత్ర్యము 1956 వరకు రాలేదు. వచ్చినదియు తన భాగముమీదనే.

ఈ "తన భాగము" అను మాటను మన గృహస్థులు తేలికగా చూతురు. "నా కుమార్తెకు పసుపుకుంకుమల క్రింద ఇదివరకే ఇచ్చితిని, కావున ఆమెకు హక్కు లేదు" అని వ్రాయించి నిశ్చింతగా నుందురు. స్వార్జిత మైనచో నా మాట చెల్లును. పితృార్జిత మైనచో, 1985నుండి మన రాష్ట్రమున నప్పటికి పెండ్లికాని కుమార్తెలకును, 2005నుండి దేశమంతట కుమార్తెలకును పుట్టుకతోనే సమభాగము కలదు. తండ్రి తీసివేయగలిగినది తన భాగమే గాని కుమార్తె భాగము కాదు. పితృార్జితమును స్వార్జితమని వ్రాసినంతమాత్రమున నది స్వార్జితము కాజాలదు.

కొల్లేటి లంకలలో నీ చిక్కు మరియొక రూపు దాల్చినది. "తూర్పు కొల్లేరు" అని చెక్కుబందీ వ్రాయించినచో, తమ్మిలేరు బుడమేరు పొంగిన శ్రావణమున నొక సరిహద్దు, ఉప్పుటేటిగుండ నీరు దిగిపోయిన వైశాఖమున వేరొక సరిహద్దు! సముద్రమట్టమునకు 5 అడుగుల యెత్తులోపలి 308 చదరపు కిలోమీటర్ల సరస్సు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2006లో అందలి చేపలచెరువుల గట్లు తెగగొట్టబడెను. జిరాయితీ పట్టా వేరు, గట్టు పోసికొని యనుభవించుట వేరు. సర్వే నంబరు లేని చెరువును నలుగురు కొడుకులకు సమముగా పంచిన తండ్రి వారికి పంచినది వ్యాజ్యమునే.

అన్నిటికంటె నెక్కువ కీడు చేసిన వాక్యము మాత్రము మిక్కిలి మృదువైనది: "నా భార్య యావజ్జీవము అనుభవించి, తదనంతరము ఫలానివారికి చెందవలయును." విధవకు పూర్ణహక్కు లేని కాలమున లేఖరు లీ వాక్యమును కంఠస్థము చేసిరి. 1956 చట్టము స్త్రీయొక్క పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చెను. అయినను వీలునామాయే క్రొత్తగా పరిమిత హక్కు నిచ్చినచో నా పరిమితి నిలుచునని అందే యొక మినహాయింపు నుంచెను. ఈ రెంటి నడుమ నెన్ని కుటుంబములు నలిగినవో! 1920లో ఆంధ్రదేశమున నొక గృహస్థు భార్యకు జీవితానుభవము వ్రాసెను. మనోవర్తి హక్కునుబట్టి యది ఆమెకు సంపూర్ణముగా సంక్రమించెనని సుప్రీంకోర్టు తేల్చినది 2015లో. నడుమ తొంబదియైదేండ్లు. వేరొక కుటుంబపు వ్యాజ్యమున 2022లో అదే న్యాయస్థానము భర్త పెట్టిన పరిమితినే నిలిపినది.

భార్యకు సంపూర్ణముగా నీయదలచినవారు "సర్వహక్కులతో, దానవిక్రయాది స్వాతంత్ర్యములతో" అని వ్రాసి, "తదనంతరము" అను మాటను కొట్టివేయింపుడు. ఈయ దలపనివారు ఆమె పోషణకును నివాసమునకును వేరుగా నేమి యేర్పరచిరో తేటగా వ్రాయింపుడు. రిజిస్ట్రేషను విధాయకము కాదు, స్టాంపు అక్కరలేదు, బ్రతికియున్నన్నాళ్లు ఎన్నిమారులైనను మార్చుకొనవచ్చును. కావున పెట్టెలోని పాత కాగితమును నేడే తీసి, ఆ వాక్యము వచ్చుచోట నామెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదువవచ్చును.