బార్నకిల్ డింభకాలు: స్థిరపడే చోటు ఎంపిక

బార్నకిల్ రొయ్యలు, పీతల వర్గానికి చెందిన సముద్రజీవి. పెరిగిన బార్నకిల్ రాతికో, ఓడ అడుగుకో అతుక్కుని జీవితాంతం అక్కడే ఉంటుంది. అందువల్ల చోటు ఎంచుకునే పని డింభక దశలోనే పూర్తికావాలి.

గుడ్డు నుంచి వెలువడిన నాప్లియస్ డింభకం చాలా జాతుల్లో ఆరు దశలు దాటి సైప్రిస్ డింభకంగా మారుతుంది. సైప్రిస్ ఆహారం తీసుకోదు. ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వుతోనే బతుకుతుంది. కొవ్వు తరిగేకొద్దీ దాని గడువు దగ్గరపడుతుంది.

సైప్రిస్ మొదటి జత స్పర్శశృంగాల కొనల్లో జిగురు బిళ్లలు ఉంటాయి. వాటితో ఒక్కో అడుగే వేస్తూ రాతిపై నడుస్తుంది. అడుగు పడిన చోట సన్నని జిగురు ముద్ర మిగులుతుంది. రాతి గరుకుదనం, నీటి ప్రవాహం, వెలుతురు, బాక్టీరియా పొర ఎంపికను ప్రభావితం చేస్తాయి. చోటు అనుకూలించకపోతే మళ్లీ ఈదుకుంటూ వెళ్లిపోతుంది.

బలమైన సంకేతాల్లో ఒకటి సొంత జాతి ఉనికి. సైప్రిస్‌లు తమ జాతి బార్నకిల్‌ల దగ్గరే ఎక్కువగా స్థిరపడతాయని శాస్త్రవేత్త నైట్-జోన్స్ 1953లో ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. పెద్దవాటి దేహంలోని ప్రోటీన్లు ఇందుకు ప్రేరణ. కదలలేని జీవుల మధ్య ఫలదీకరణ జరగాలంటే సాధారణంగా పొరుగున మరొకటి ఉండాలి.

చోటు కుదిరాక సైప్రిస్ గట్టిపడే జిగురు వదిలి తలవైపుతో అతుక్కుంటుంది. ఆపై రూపం మారి, చుట్టూ సున్నపు పలకలు కట్టుకుంటుంది.